కట్ట మీద చెట్టు వద్దు

“పక్షులకీ జంతువులకీ అని ఒక చిన్న చెరువు ఉంది, దాన్ని ప్రకృతికే వదిలేశాం” అని ఎవరైనా గర్వంగా చెబితే నాకు టెన్షన్ మొదలవుతుంది. చెరువును వదిలేశారు సరే, కట్టను కూడా వదిలేశారా అని అడుగుతాను. చాలామందికి ఆ ప్రశ్న వింతగా ఉంటుంది. కట్ట మీద గడ్డి మోకాలెత్తు పెరిగింది, పొదలు లేచాయి, నాలుగు చెట్లు ఏపుగా ఎదిగాయి, వాటి మీద పిట్టలు గూళ్లు కట్టుకున్నాయి, ఇంతకంటే ఏం కావాలి అంటారు.

నాకైతే చాలా కావాలి. ముందు ఆ చెట్లు పోవాలి. పొదలు పోవాలి. గడ్డిని ఎప్పటికప్పుడు పొట్టిగా కోయాలి. కట్టలో కాపురం పెట్టిన జీవాలను అక్కడినుంచి ఖాళీ చేయించాలి. ఇదంతా వన్యప్రాణుల మీద ప్రేమతోనే అంటున్నాను. చెరువు ప్రకృతిదే అనుకుందాం, దాన్ని నిలబెట్టిన మట్టికట్ట మాత్రం మనిషి చేసిన వస్తువు. దాన్నీ ప్రకృతి ఖాతాలో వేసి చేతులు దులుపుకుంటే కొన్నేళ్లకు కట్టా ఉండదు, చెరువూ ఉండదు, ఆ నీటిని నమ్ముకుని చేరిన కప్పలూ బాతులూ తూనీగలూ ఉండవు.

నేను ఇంజినీర్ని కాను. కొందరు మిత్రులతో కలిసి ఇలాంటి ఒక చిన్న కట్ట బాగోగులు చూస్తూ, దొరికినదల్లా చదువుతూ వచ్చినవాణ్ని. ఈ అభిప్రాయం ఆ కట్ట మీద తిరుగుతూ ఉండగా గట్టిపడింది.

మట్టికట్ట గురించి ముందు ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. అది నీటిని పూర్తిగా ఆపదు. ఎంత బాగా కట్టినా కొంత నీరు మట్టి రేణువుల మధ్య దారి చేసుకుని అవతలికి వస్తూనే ఉంటుంది. ఆ నీరు నెమ్మదిగా వచ్చేలా, వస్తూ వస్తూ మట్టిని వెంట తీసుకుపోకుండా చూడటంలోనే కట్టేవాడి పనితనమంతా ఉంటుంది. అందుకే పునాదిలో పై మట్టినీ వేర్లనూ తీసేసి, గట్టి నేల తగిలేదాకా కందకం తవ్వి బంకమట్టితో నింపుతారు. ఆ పైన జానెడుకు మించని పొరలుగా మట్టి పోస్తూ, ఒక్కో పొరనూ తొక్కించుకుంటూ కట్టను లేపుతారు. మట్టి మరీ పొడిగా ఉంటే గడ్డలు గడ్డలుగా మిగిలి మధ్యలో ఖాళీలు ఉండిపోతాయి. మరీ తడిగా ఉంటే రోలర్ కింద జారిపోతుంది. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, బురదలా వేళ్లసందుల్లోంచి రాకూడదు, ఆ మాత్రం తేమ కావాలి. బయటివైపు అడుగున ఇసుక, కంకరతో ఒక వడపోత పొర ఉంటే ఇంకా మంచిది. నీరు దాంట్లోంచి వెళ్లిపోతుంది, మట్టి ఆగిపోతుంది. ఆ ఇసుక రేణువులు ఎంత సైజులో ఉండాలో లెక్క తేల్చినవాడు కార్ల్ టెర్జాగి అనే ఇంజినీరు, 1920లలో. ఇవాళ్టికీ పెద్ద డ్యాములు కట్టేవాళ్లు కూడా ఆ లెక్క మీదే ఆధారపడతారు.

ఊట భయం కొత్తదేమీ కాదు. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం చెరువుకు ఉండకూడని దోషాలు ఆరు చెబుతుంది. కట్టలోంచి నీరు ఊరడం అందులో ఒకటి.

మట్టికట్టలు తెగిపోవడానికి ముఖ్యంగా రెండు దారులు. నీళ్లు కట్ట మీదుగా పొర్లడం ఒకటి. కట్ట లోపలినుంచి మట్టిని కొంచెం కొంచెం తోడేయడం రెండోది. మొదటిది అందరికీ అర్థమవుతుంది. కట్ట దాటి అవతలి వాలు మీద పడిన నీరు అక్కడ మట్టిని కోస్తుంది, ఆ కోత వెనక్కి వెనక్కి నడిచి పైభాగాన్ని తినేస్తుంది, గండి పడుతుంది. అందుకే ఎక్కువైన నీరు బయటికి పోయే అలుగు ఉండాలి, అది కట్ట పైభాగం కంటే తగినంత కిందుగా ఉండాలి, గట్టి నేల మీద కట్టకు ఒక పక్కగా ఉండాలి. చాలామంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది. కొత్త కట్ట దిగబడుతుంది. నడిమి భాగం ఎత్తు ఎక్కువ కాబట్టి అక్కడ ఎక్కువ దిగబడుతుంది. అంటే పొర్లితే కట్ట నడుమనే, అన్నిటికంటే లోతైన చోటే, పొర్లుతుంది. అందుకని కట్టేటప్పుడే నడుమ కొంచెం ఉబ్బుగా పోస్తారు. ఆ తర్వాత మనుషులూ పశువులూ అదే చోట దాటి దాటి కాలిబాట పడితే ఆ ఉబ్బు కాస్తా పోతుంది.

రెండో దారే అసలు తగువు. ఎందుకంటే దానికి తలుపులు తెరిచేది మనం ప్రేమించేవే.

మా కట్ట మీద ఒక చెట్టు ఉండేది. నడుం లావు ఇంకా రాలేదు గానీ వచ్చేలా ఉంది. కొమ్మ నీటి మీదికి వంగి ఉండటంతో లకుముకిపిట్టకు అది ఇష్టమైన చోటు. దాన్ని కొట్టేద్దాం అన్నప్పుడు పక్షుల్ని చూడటానికి వచ్చే మిత్రుడొకడు నాతో మాట్లాడటం మానేసినంత పని చేశాడు. “వేర్లు మట్టిని పట్టి ఉంచుతాయి కదా, చెట్టు కట్టకు బలమే కదా” అన్నాడు. నది ఒడ్డుకు, కొండవాలుకు అది నిజం. నీటిని ఆపి నిలబడిన కట్టకు వర్తించదు. అక్కడ వేరు నీటికోసం తడి ఉన్న చోటుకే పోతుంది, అంటే కట్ట లోపలికి. చెట్టు బతికినంత కాలం ఆ వేరు మట్టిలో బిగుసుకునే ఉంటుంది. చెట్టు చచ్చాక వేరు కుళ్లుతుంది, కుళ్లిన చోట గొట్టం లాంటి ఖాళీ మిగులుతుంది, అది ఒక్కోసారి కట్టలో సగం దూరం దాకా ఉంటుంది. నీరు వెతుక్కునేది సరిగ్గా అలాంటి దారినే.

ఇంకో ప్రమాదం గాలివాన. నిండు చెరువు, నానిన కట్ట, ఈదురుగాలి, ఈ మూడూ ఒకే రాత్రి వస్తాయి. చెట్టు పడితే వేర్లతో పాటు కట్టలోంచి ఒక బండెడు మట్టి లేచి వస్తుంది. ఇవి చాలవన్నట్టు, చెట్టు నీడలో గడ్డి చస్తుంది, గడ్డి లేని మట్టిని వాన కోస్తుంది, పొదల వెనక ఊట ఎవరి కంటా పడదు. నన్నడిగితే ఈ చివరిదే అన్నిటికంటే చెడ్డది. కనబడని కట్టను ఎవరూ కాపాడలేరు.

అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ ఫీమా 2005లో డ్యాముల యజమానుల కోసం రెండు మాన్యువల్స్ తెచ్చింది. మట్టి డ్యాముల మీద మొక్కల ప్రభావం గురించి ఒకటి, జంతువుల ప్రభావం గురించి ఇంకొకటి. రెండింటికీ వేర్వేరు పుస్తకాలు కావాల్సివచ్చాయంటే సంగతి ఎంత ఉందో అర్థం చేసుకోవచ్చు.

చెట్టు కొట్టడంలో కూడా తొందర పనికిరాదు. చిన్న మొక్కయితే వేరుతో పీకేసి మట్టి కూరితే సరిపోతుంది. పెద్ద చెట్టును మొదలుకు కోసేసి మొద్దును అలాగే వదిలితే కుళ్లే గడియారానికి మనమే కీ ఇచ్చినట్టు. చెరువు మట్టం తగ్గించి, మొద్దునూ పెద్ద వేర్లనూ తవ్వి తీసి, ఆ గుంటను కొత్త కట్ట పోసినట్టే పొరలు పొరలుగా నింపి తొక్కించాలి. ముదిరిన చెట్టయితే తెలిసిన ఇంజినీరును పిలవకుండా ముట్టుకోకపోవడమే మేలు. మొక్కగా ఉన్నప్పుడు రెండు వేళ్లతో అయ్యే పని మానయ్యాక మిషన్ల పని అవుతుంది.

మరి లకుముకిపిట్ట సంగతేంటి? కట్టకు దూరంగా నీళ్లలో రెండు ఎండు దుంగలు పాతాం. పిట్టకు కావాల్సింది నీటి మీద కూర్చునే చోటు, అది చెట్టా కర్రా అని దానికి పట్టింపు లేదు. అసలు లకుముకి గూడు పెట్టేది చెట్టు మీద కాదు, నిట్టనిలువుగా ఉన్న మట్టిగట్టులో బొరియ తవ్వి. అంటే ఆ పిట్టను ప్రేమించేవాడు కూడా అది కట్టకు కన్నం వేయకుండా చూసుకోవాలి. చెరువు అవతలి ఒడ్డున, నీటిని ఆపే పని లేని చోట, ఒక మట్టిదిబ్బను నిలువుగా చెక్కి వదిలితే అది తవ్వుకోవడానికి వీలుంటుంది. చెట్లు కావాలంటే కట్ట అడుగునుంచి కొన్ని మీటర్లు వదిలేసి అవతల ఎన్నయినా పెంచుకోవచ్చు. చెరువు చుట్టుకొలతలో కట్ట ఉండేది కొంత భాగమే. మిగతాదంతా అడవి చేసుకోండి, ఎవరు వద్దన్నారు?

బొరియల విషయంలో ఇంకొంచెం జాగ్రత్తగా చెప్పాలి. నీటివైపునుంచి తవ్వే జంతువులు, ఉదాహరణకు మస్క్‌రాట్ అనే నీటి ఎలుక, మొదలుపెట్టేది నీటి కింద. అక్కడినుంచి పైకి తవ్వుకుంటూ పోయి పొడిగా ఉన్న చోట గది చేసుకుంటాయి. చెరువు మట్టం పెరిగితే గది తడుస్తుంది, అవి ఇంకా పైకి, ఇంకా లోపలికి తవ్వుతాయి. బయటివైపునుంచి తవ్వేవి వేరే ఉంటాయి. రెండు సొరంగాలూ ఎదురుపడాల్సిన పనే లేదు, మధ్యలో మిగిలిన మట్టి పలచబడితే చాలు. ఇటలీలో 2014 జనవరిలో సెక్కియా నది కరకట్ట తెగినప్పుడు, ఆ తర్వాత జరిగిన అధ్యయనం వేలు చూపింది ముళ్లపందులు, బ్యాడ్జర్‌ల లాంటి జంతువుల బొరియల వైపే. అది నది కట్టే అయినా మట్టి స్వభావం ఒక్కటే.

దీనికి చంపడం నాకు పరిష్కారంగా కనిపించదు. ఒకదాన్ని తీసేస్తే ఖాళీ అయిన చోటుకు ఇంకోటి వస్తుంది. కట్టనే వాటికి నచ్చని చోటుగా మార్చాలి. నీటివైపు వాలు మీద రాతి పరుపు వేయాలి, లేదంటే మట్టి కింద ఇనప మెష్ పరవాలి. వాలు ఏటవాలుగా ఉండాలి, నిటారుగా ఉంటే తవ్వడం సులువు. జమ్ము కట్టను ఆనుకుని పెరగకూడదు, ఎందుకంటే మస్క్‌రాట్‌కు తిండీ అదే, చాటూ అదే. అదే జమ్ము అవతలి ఒడ్డున ఎంత ఉంటే అంత మంచిది.

ఇక ఊట. కట్ట బయటి వాలు కింద నడుస్తుంటే ఒక చోట గడ్డి మిగతా చోట్లకంటే పచ్చగా, లావుగా కనిపిస్తుంది. ఎండాకాలంలో అయితే ఆ తేడా దూరంనుంచే తెలుస్తుంది. అడుగు వేస్తే మడమ కింద మెత్తగా దిగుతుంది, కాలు తీస్తే ఆ గుంటలో నెమ్మదిగా నీరు చేరుతుంది. అక్కడ ఒక చిన్న పైపు పెట్టి ఆ నీటిని గాజు సీసాలో పట్టి, ఎండకు ఎదురుగా పట్టుకుని చూస్తాం. మొదట్లో ఎప్పుడూ కొంచెం మసగ్గానే ఉంటుంది, పట్టేటప్పుడు కదిలిన మట్టి అది. సీసాను కదపకుండా పెట్టి, మళ్లీ పట్టి, రెండోదాన్ని చూడాలి. తేటగా ఉంటే, రోజూ దాదాపు అంతే వస్తుంటే, రాసుకుని ఇంటికి పోవచ్చు. సీసా అడుగున సన్నటి మట్టి పొర పేరుకుంటే మాత్రం ఆ మట్టి కట్ట కడుపులోంచి వచ్చిందని అర్థం. చెరువు మట్టం మారకుండానే ఊట పెరిగినా అంతే. అప్పుడు వెంటనే తూము తెరిచి మట్టం తగ్గించాలి, తెలిసినవాళ్లకు ఫోన్ చేయాలి, దిగువన మనుషులుంటే వాళ్లకు చెప్పాలి. ఊట బయటికి వచ్చే చోట బంకమట్టి కుక్కి మూసేయాలని చూడటం చాలామందికి తోచే పని, అది చాలా తప్పు. నీరు లోపలే ఆగి వాలును నానబెట్టి ఇంకో చోట పగులుతుంది. అక్కడ వేయాల్సింది ఇసుకా కంకరా, నీటిని పోనిచ్చి మట్టిని ఆపేవి.

లోపలినుంచి మట్టి కొట్టుకుపోయే ఈ రెండో రకం ఎంత తొందరగా ముదురుతుందో చెప్పడానికి అందరూ చూపించేది అమెరికాలోని టీటన్ డ్యామ్. 90 మీటర్లకు పైగా ఎత్తు, కొత్తగా కట్టింది, మొదటిసారి నింపుతున్నారు. 1976 జూన్ 5 ఉదయం బురదనీటి ఊట కనబడింది. గండి పూడ్చడానికి బుల్డోజర్లు పంపితే అవే అందులో పడిపోయాయి. మధ్యాహ్నం 12 కాకముందే డ్యామ్ తెగింది. 11 మంది చనిపోయారు. మన చిన్న కట్టకూ దానికీ పోలికేముంది అంటారేమో. దాని వెనక అన్ని హంగులూ ఉన్న ఒక ప్రభుత్వ సంస్థ ఉంది, మన కట్ట వెనక ఇద్దరు ముగ్గురు మిత్రులు ఉన్నారు. ఆ పోలిక నాకు ధైర్యం ఇవ్వదు.

చేపల మీద ప్రేమతో కట్టకు చేసిన చెరుపుకు సౌత్ ఫోర్క్ కంటే పెద్ద ఉదాహరణ లేదు. పెన్సిల్వేనియాలో కాలువకు నీళ్లివ్వడానికి కట్టిన పాత మట్టి డ్యామ్ అది. చేతులు మారి చివరికి ధనవంతుల వేట, చేపల క్లబ్బుకు వచ్చింది. అంతకుముందు దాన్ని కొన్నవాళ్లు అడుగున నీరు వదిలే ఇనప పైపులను ఊడదీసి పాత ఇనుముకు అమ్మేశారు. క్లబ్బువాళ్లు వాటిని మళ్లీ పెట్టించలేదు. బండ్లు పోవడానికని కట్ట పైభాగాన్ని కొంచెం తగ్గించి వెడల్పు చేశారు. చేపలు పోకుండా అలుగుకు జాలీలు బిగించారు. 1889 మే 31న కుండపోత వానకు జాలీలకు చెత్త అడ్డం పడింది, నీరు కట్ట మీదుగా పొర్లింది, కట్ట తెగింది, దిగువన జాన్స్‌టౌన్‌లో 2,200 మందికి పైగా చనిపోయారు. చేపలు పోతున్నాయని అలుగుకు వల కడదామని ఎవరు అడిగినా నేను ఈ కథే చెబుతాను. పోనీండి, పోయేవి పోతాయి.

ఇంత చెప్పాక ఒక ఎదురు ప్రశ్న వస్తుంది, వచ్చింది కూడా. “బీవర్ కట్టే ఆనకట్టను ఎవరు రిపేరు చేస్తున్నారు? అది ప్రకృతి కాదా?” నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది, ఎందుకంటే జవాబు దాంట్లోనే ఉంది. కొమ్మలూ మట్టితో వాగులకు అడ్డకట్టలు కట్టే ఆ జంతువు, బీవరే, చేస్తుంది, అలుపులేకుండా చేస్తుంది. 1960లలో స్వీడన్‌లో లార్స్ విల్సన్ అనే శాస్త్రవేత్త బీవర్లకు పారే నీటి శబ్దాన్ని లౌడ్‌స్పీకర్‌లో వినిపించి చూశాడు. నీళ్లు లేకపోయినా అవి ఆ స్పీకర్ మీద కొమ్మలూ మట్టీ కుప్ప పోశాయి. నీరు కారే చప్పుడు వింటే ఊరుకోలేని స్వభావం వాటిది. బీవర్లు వెళ్లిపోయిన కొన్నాళ్లకు వాటి ఆనకట్ట కూడా తెగుతుంది, మడుగు పచ్చికబయలు అవుతుంది. ప్రకృతి కట్టిన కట్టకే రోజువారీ మెయింటెనెన్స్ ఉన్నప్పుడు మనం కట్టినదాన్ని వదిలేయడం ఏ లెక్కన ప్రకృతి అవుతుంది?

వదిలేస్తే ఏమవుతుందో కట్టకు ఆవల, నీళ్లలో కూడా చూడొచ్చు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కు పక్షుల గురించి వినని వాళ్లుండరు. అది సహజంగా ఏర్పడిన సరస్సు కాదని మాత్రం చాలామందికి తెలియదు. 18వ శతాబ్దంలో మహారాజా సూరజ్‌మల్ కట్టించిన అజాన్ బండ్ అనే మట్టికట్ట వల్ల అక్కడికి నీరు చేరింది. చిన్న చిన్న గట్లు, తూములతో ఆ నీటిని మడులుగా పంచుతారు. లోతు మీటరు, రెండు మీటర్లు, అంతే. 1982లో అక్కడ పశువుల మేతను నిషేధించారు. గొడవలయ్యాయి, కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. మేత ఆగాక పక్షులకు మేలు జరుగుతుందని అనుకుంటే, నీటిలో పెరిగే ఒక రకం గడ్డి అడ్డూ అదుపూ లేకుండా అల్లుకుపోయి తెరిపి నీటిని కప్పేసింది. ఇన్నాళ్లూ దాన్ని అదుపులో పెట్టింది గేదెలే. చేయి తీసేయడం కూడా ఒక రకంగా చేయి పెట్టడమేనని నేను అనేది ఇందుకే.

నీటి మట్టం విషయంలో కూడా మనవాళ్లకు ఒక మోజు ఉంది. చెరువు ఏడాది పొడుగునా నిండుగా కనబడాలి. ఫొటోకు అది బాగుంటుంది. పొడుగుకాళ్ల పిట్టలకు మాత్రం లోతు నీరు ఎందుకూ పనికిరాదు, వాటికి కావాల్సింది బురద, దానిమీద చీలమండ లోతు నీరు. మట్టం మెల్లగా తగ్గుతుంటే బయటపడిన బురదలో గింజలు మొలుస్తాయి, మళ్లీ నీరు చేరాక ఆ విత్తనాలే బాతులకు తిండి. అప్పుడప్పుడు పూర్తిగా ఎండిపోయే గుంటలో పెద్ద చేపలు ఉండవు కాబట్టి కప్పపిల్లలు బతుకుతాయి. మట్టం తగ్గిన ఆ రోజుల్లోనే కట్ట నీటివైపు వాలును చూసుకునే వీలు కూడా ఉంటుంది, బొరియ ఎక్కడుందో, రాయి ఎక్కడ జారిందో. పక్షుల అవసరమూ కట్ట అవసరమూ ఇంత చక్కగా కలిసే సందర్భం ఇదొక్కటే. దానికి పనిచేసే తూము ఒకటి ఉండాలి. తూము లేని చెరువును చూస్తే బ్రేకు లేని బండిని చూసినంత భయం నాకు.

చట్టం ఇవన్నీ చూసుకుంటుందనుకోవద్దు. చట్టాలకు చిన్న కట్టలు కనబడవు. ఇంగ్లండ్‌లో 1975 నాటి జలాశయాల చట్టం లెక్కలోకి రావాలంటే 25,000 ఘనపు మీటర్ల నీరుండాలి. అంతకు తక్కువైతే దాని మంచిచెడ్డలు యజమాని మనస్సాక్షికే. అమెరికాలో 1977 నవంబర్ 6 అర్ధరాత్రి దాటాక తెగిన కెల్లీ బార్న్స్ డ్యామ్ ఎత్తు 12 మీటర్లే. విద్యుత్తు అవసరం తీరాక అది ఒక ఆటవిడుపు చెరువుగా మిగిలింది, దిగువన కాలేజీ ఉంది, 39 మంది చనిపోయారు. దేశంలో ప్రమాదకరమైన ప్రైవేటు డ్యాములను తనిఖీ చేయమని అధ్యక్షుడు కార్టర్ ఆదేశించింది ఆ తర్వాతే.

కాబట్టి చెరువు ఒకటి మీ చేతికొస్తే ముందు నిజాయితీగా అడగాల్సిన ప్రశ్న: ఈ కట్టను వచ్చే పాతికేళ్లు ఎవరు చూస్తారు? గడ్డి ఎవరు కోస్తారు, పెద్ద వాన తర్వాత అలుగులో చెత్త ఎవరు తీస్తారు, సీసా ఎవరు పడతారు? జవాబుగా ఎవరి పేరూ తోచకపోతే కట్టను ఉంచకపోవడం కూడా గౌరవంగా చేసుకోదగ్గ నిర్ణయమే. ఎండాకాలం మట్టం బాగా తగ్గినప్పుడు, అనుమతులు తీసుకుని, కొద్ది కొద్దిగా నీరు వదిలి, పూడిక ఒక్కసారిగా దిగువ వాగులోకి పోకుండా ఆపుకుంటూ, కట్టను వెడల్పుగా కోసేయొచ్చు. వాగుకు అడ్డంగా ఉన్న కట్ట అయితే చేపలకు దారి కూడా దొరుకుతుంది. పక్కన నేలమట్టం కంటే కిందికి రెండు మూడు గుంటలు తవ్వి వదలండి. వాటికి కట్ట ఉండదు, తెగేదేమీ ఉండదు, ఒడ్డున ఎన్ని చెట్లు పెరిగినా ఎన్ని బొరియలు పడినా నేనేమీ అనను. నా మిత్రుడు కూడా ఈ ఒక్క మాటకు ఒప్పుకున్నాడు, చెట్టు విషయంలో మాత్రం ఇంకా కోపంగానే ఉన్నాడు.